కరచుటా, కఱచుటా?

కృష్ణలంక: భూగర్భశాస్త్రం పాత నోట్సులో ఒక వాక్యం, సగమే గుర్తుంది: "...నీరు రాతిని కరచును, వేడి కాదు". సముద్రం అడుగున ఉండే భూపటలపు పలక పక్క పలక కిందికి దూరే చోటు గురించి. ఇక్కడ 'కరచును' అంటే కరిగించునా, కొరుకునా?

బ్రాడీపేట: కరిగించడమే. కరఁగు, కరఁచు అరసున్న జంట. కొరకడమైతే శకటరేఫ ఉండాలి, కఱచు.

తెనాలి: అరసున్నను అచ్చువాళ్లు ఎప్పుడో మింగేశారు మాస్టారూ. పైగా 'రాతిని' అని రాసిన చెయ్యి అది. ఱాయికే బండి ఱ వెయ్యనివాడు కఱచుకు వేస్తాడా?

అరండల్‌పేట: అక్షరం తేల్చదు గానీ విషయం చూడండి. జపాన్‌లో తోహోకు కింద దిగే పలక సుమారు 13 కోట్ల ఏళ్లది, చల్లబడింది. తాను కరిగేలోపే దాని నీరు పైకి పోయి మాంటిల్‌ను, అంటే పటలం కింది రాతిపొరను, కరిగిస్తుంది. అమెరికా పడమటి తీరాన కాస్కేడియా కింద దిగే హువాన్ డి ఫూకా పలక లేతది, వేడిది. అలాంటిచోట పలకే కరగొచ్చు. 1 గిగాపాస్కల్ ఒత్తిడి దగ్గర, అంటే సుమారు 35 కి.మీ. లోతున, తడి బసాల్టు, అంటే సముద్రపు పలక నల్లరాయి, 650 డిగ్రీల ప్రాంతంలోనే కరగడం మొదలెడుతుంది. పొడిదైతే 1100 దాటాలి.

బ్రాడీపేట: చెప్పలా?

సత్తెనపల్లి: ఉండండి. మనకు మంచూ కరుగుతుంది, ఉప్పూ కరుగుతుంది. ఇది ఉప్పు కరగడం కాదు, నీరు ద్రవీభవన స్థానాన్ని దించుతుందంతే. అదీ రాయి మొత్తం కాదు, పదో ఇరవయ్యో శాతం. వెన్న కాస్తే గసి మిగిలినట్టు, సిలికా ఎక్కువున్న ద్రవం జారిపోయి గార్నెట్, పైరాక్సీన్ అనే ఖనిజాలు మిగులుతాయి. యిట్రియం అనే మూలకాన్ని గార్నెట్ పట్టేసుకుంటుంది. స్ట్రాన్షియంను పట్టుకునే ఖనిజం ప్లేజియోక్లేజు మిగలదు కాబట్టి ఆ స్ట్రాన్షియం ద్రవంలోకే పోతుంది. అందుకే ఆ ద్రవం గడ్డకట్టిన రాయి, అడకైటులో స్ట్రాన్షియం యిట్రియంకు 40 రెట్లు పైనే. అలాస్కాలోని అడాక్ దీవి మీదుగా 1990లో పెట్టిన పేరది. ఇంతింత తుంచుకుపోవడం కొరకడం కాదూ? కఱచు!

బ్రాడీపేట: అది చమత్కారం, వ్యుత్పత్తి కాదు.

అరండల్‌పేట: 40 చూసి పలకే కరిగిందని మోసపోకండి. దళసరి ఖండ పటలం అడుగు కరిగినా, శిలాద్రవంలోంచి హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం గడ్డకట్టి విడిపోయినా ఆ అంకె వస్తుంది. పలక కరిగిన రాయే చూడాలంటే కాలిఫోర్నియా దగ్గర కాటలినా దీవి: గార్నెట్ ఉన్న నల్లటి యాంఫిబొలైటు రాతిలో, కరిగి గడ్డకట్టిన తెల్లటి చారలు.

తెనాలి: గార్నెట్ మన బెజవాడ కొండల్లోనూ ఉందిగా.

అరండల్‌పేట: అది ఉన్నది ఖొండలైటు అనే రాతిలో అండీ, ఆ రాయి బంకమట్టి సంతానం. సముద్ర పటలం కాదు.

తెనాలి: ఏదైనా, రాళ్ల సంగతి శ్రీనాథుడి తర్వాతే. పల్నాటి మీది ఆ చాటువు, ఒక్క ఆటవెలది, పాదాలన్నీ 'ళ్లు' మీద వాలడం చూడండి. నాపరాళ్లనూ వదల్లేదు.

సత్తెనపల్లి: నాపరాయిని బట్టీలో వేస్తే కరగదు, సున్నం అవుతుంది. పిడుగురాళ్లలో జరిగేది అదే.

బ్రాడీపేట: చాటువులో రాళ్లకు ఏ ర వేస్తారు మీరు?

తెనాలి: ఏ ప్రతిలో?