కొత్తగా కొన్న చూడి గొర్రెలు: వేరుగా కట్టాలా, ఆ రోజే మందలో కలిపేయాలా?

తెర్లాం మెట్టరైతు

అందరికీ నమస్కారం. నాకు ఇంటి దగ్గర పద్దెనిమిది గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్నాయి. మొన్న సంతలో ఇంకో ఆరు చూడి గొర్రెలు కొన్నాను. అమ్మినాయన అన్నీ మూడో నెల అన్నాడు గానీ ఇంటికి తెచ్చి చూస్తే రెండింటికి పొదుగు దించుతోంది, అవి మూడు వారాల్లోపే ఈనేలా ఉన్నాయి. మిగతా నాలుగూ సంక్రాంతి దాటాక ఈనుతాయేమో. మా నాన్న ఆ సాయంత్రమే మందలో తోలేయమన్నారు, ఒంటరిగా కడితే బెంగపెట్టుకుని చిక్కిపోతాయి అంటారు. మా ఊరి పశువైద్య సహాయకుడు ముప్పై రోజులు దూరంగా ఉంచమన్నాడు. ఎవరి మాటా కొట్టెయ్యలేక ప్రస్తుతానికి కల్లంలో గడ్డికుప్ప పక్కన తాళ్ళేసి కట్టాను. రాత్రంతా అరుస్తూనే ఉన్నాయి, వేసిన మేత సగం అలాగే ఉంది. నాకున్నది ఒకటే సాల. చాలా టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రాజాం పక్కన

తమ్ముడూ, కలపొద్దు. మూడేళ్ళ కిందట నేను చేసిన పని నువ్వు చెయ్యొద్దు. తొమ్మిది తెచ్చి ఆ సాయంత్రమే కలిపేశాను, చూడ్డానికి అన్నీ నిగనిగలాడుతూ ఉన్నాయి, ఒక్కదానికి దగ్గు కూడా లేదు. ఆరో రోజున ఒకదానికి ముక్కు కారడం మొదలైంది, జలుబే కదా అనుకున్నాను. ఎనిమిదో రోజుకి కళ్ళు పుసులు కట్టి, పెదాల లోపల పుళ్ళు లేచి, నీళ్ళలా పారుకోవడం మొదలైంది. డాక్టర్ గారు చూసి పీపీఆర్, పారుడు రోగం అన్నారు. నా ముప్పై ఒక్కటిలో పద్నాలుగు పోయాయి, పోయినవాటిలో ఎక్కువ నా ఇంట్లో పుట్టి పెరిగినవే. బతికినవాటిలో ఒక రెండైతే, నెలలు నిండకుండానే పిల్లల్ని వేసేశాయి. తెచ్చినవాటిలో పోయినవి మూడే. రోగం ఒంట్లో పెట్టుకుని వచ్చినవి తట్టుకున్నాయి, ఎన్నడూ దాని మొహం చూడనివి పడిపోయాయి. సంతలో ఏది ఎక్కడిదో, ఎన్ని మందల పక్కన నిలబడి వచ్చిందో అమ్మేవాడికే తెలీదు, నీకెలా తెలుస్తుంది? ముప్పై రోజులు అరిస్తే అరవనీ.

వంశధార కాపరి

రాజాం బాబూ, నీకు జరిగిన నష్టం చిన్నది కాదు, కాదనను. కానీ ముప్పై రోజులు అరవనీ అనడం చూడి గొర్రె సంగతి తెలిసిన మాట కాదు. మేం కోటబొమ్మాళి వైపు మూడు తరాలుగా మంద మేపుతున్నాం. ఈతకి దగ్గరపడ్డ గొర్రె రెండు రోజులు మేత మానేసిందంటే అది రోగం కన్నా ముందే చచ్చిపోతుంది, నా కళ్ళతో చూశాను. కడుపులో రెండు పిల్లలున్నదైతే మరీను. తల వాల్చి ఒక మూల నిలబడిపోతుంది, పళ్ళు కొరుకుతుంది, ఎదురుగా గోడ ఉన్నా కనపడనట్టు గుద్దుకుంటుంది, నోటి దగ్గర ముక్కు పెడితే ఒక రకం తియ్యటి వాసన వస్తుంది. అంత దూరం వచ్చాక పది గొర్రెల్లో ఒకటి రెండు దక్కితే గొప్ప.

పైగా ఊరి గయాళు బంజరులో, చెరువు గట్టున అన్ని మందలూ కలిసే మేస్తాయి, ఒకే రేవులో నీళ్ళు తాగుతాయి. కోతలయ్యాక పొలాల్లో మంద కట్టేటప్పుడు పక్క ఊరి మంద మన పక్కనే ఉంటుంది. ఇంటి దగ్గర తడక కట్టి దాన్ని దూరం అనుకుంటే ఎలా? ఇంకో మాట, కల్లంలో ఒంటరిగా కట్టిన గొర్రెల మీద ఊరకుక్కలు పడితే ఆరూ ఒక్క రాత్రిలో పోతాయి. పది రోజులు చూడు, దగ్గూ పారుడూ లేకపోతే కలిపెయ్యి. మీ నాన్నగారు తెలిసే చెప్పారు.

సూదిమందు

నేను పశుసంవర్ధక శాఖలో కింది స్థాయి ఉద్యోగిని. ఇక్కడ నా పేరు వద్దు, పని గురించే మాట్లాడతాను.

కాపరి గారూ, మీరు చెప్పిన ఆ తియ్యటి వాసన జబ్బు నిజమైనదే. గొర్రె చూడి నూటయాభై రోజులనుకుంటే కడుపులో పిల్ల బరువులో డెబ్బై శాతం దాకా చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. ఆ సమయంలో తల్లికి మేత అందకపోతే ఒంట్లో కొవ్వంతా ఒక్కసారిగా కరిగి రక్తంలో విషమవుతుంది. లారీలో నిలబడి రావడం, నీళ్ళు దొరక్కపోవడం, కొత్త చోటు బెదురు, ఇవన్నీ కలిసి దాన్ని తెచ్చిపెడతాయి. కాబట్టి తెర్లాం తమ్ముడూ, నీ మొదటి పని మేత. కట్టుతాళ్ళు విప్పెయ్, వెదురు తడకలతో చిన్న దొడ్డి కట్టి ఆరింటినీ లోపల వదులు. వాటికి తెలిసిన మేత ఏదో అమ్మినవాడిని ఫోన్ చేసి అడుగు. వేరుశనగ కట్టె, అవిశ ఆకు, మినుప పొట్టు లాంటివి ముందు పెట్టు. చోళ్ళూ (రాగులు) నూకలూ మాత్రం బలానికని ఒకేసారి గుమ్మరించకు, అలవాటు లేని కడుపు పులిసిపోయి ఇంకో జబ్బు వస్తుంది. తవుడు, ఉలవలు కలిపిన దాణా వందగ్రాములతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా పావుకిలో దాకా తీసుకెళ్ళు. ఏదైనా ఒక పూట పూర్తిగా మేత మానేస్తే మర్నాటిదాకా ఆగకుండా 1962కి ఫోన్ చెయ్యి.

ఇక పది రోజుల మాట. అది సరిపోదు, ఎందుకో చెప్తాను. పారుడు రోగం సాధారణంగా నాలుగు నుంచి ఆరు రోజుల్లో బయటపడుతుంది, పదో రోజు దాకా కూడా పోవచ్చు. బొబ్బరోగం ఎనిమిది నుంచి పదమూడు రోజులు లోపల దాక్కుంటుంది. పదో రోజున శుభ్రంగా కనపడ్డ గొర్రెకు పన్నెండో రోజున తోక కిందా చంకల్లోనూ బొబ్బలు లేస్తే అప్పటికే మందలో ఉంది. అంతర్జాతీయ నిబంధనల్లో ఈ రెండింటికీ ఇరవైయొక్క రోజులు లెక్క. ముప్పై అనేది దానికి కొంచెం చేర్చి చెప్పేది.

బెంగ గురించి కూడా ఒక మాట. గొర్రెలకు తోటి గొర్రెల మొహాలు గుర్తుంటాయి. ఇంగ్లండ్‌లో చేసిన పరిశోధన 2001లో వచ్చింది, యాభై మొహాలను రెండేళ్ళ దాకా మర్చిపోలేదని అందులో తేలింది. నీ ఆరూ ఒకే మందవైతే వాటిని విడదీయకు, అవి ఒకదానికొకటి తోడు. కల్లం నుంచి మీ మంద కనపడేలా ఉంటే ఇంకా మంచిది. కంటికి కనపడాలి, ముక్కుకి తగలకూడదు, మధ్యలో ముప్పై నలభై అడుగులుండాలి. నీళ్ళ గాబు, దాణా తొట్టి, బకెట్ అన్నీ వేరే. ముందు ఇంటి మందకి పని చేసి, ఆఖర్న కొత్తవాటి దగ్గరికి వెళ్ళాలి. కాళ్ళు కడుక్కోకుండా మళ్ళీ సాలలోకి రాకూడదు.

రాజాం పక్కన

కాపరి గారూ, చెరువు దగ్గర అన్నీ కలుస్తాయి అన్నారు, నిజమే. కానీ చెరువు గట్టున పక్క మంద పదిహేను నిమిషాలు దూరంగా కనపడటం వేరు, రాత్రంతా ఒకే సాలలో ఒకదాని ఊపిరి ఇంకోటి పీల్చుకుంటూ ఒకే తొట్టిలో మూతి పెట్టడం వేరు. మా ఊళ్ళో ఆ ఏడు నా మంద పోయింది, అదే చెరువులో తాగిన పక్కాయన మందలో రెండే పోయాయి, ఆయన అంతకుముందు టీకా వేయించాడు. నేను వేయించలేదు. అది కూడా ఒప్పుకోవాలి.

జీడితోట పలాస

నేను డ్వాక్రా లోన్‌తో గొర్రెలు పెట్టాను, ఇప్పుడు ఇరవై రెండున్నాయి. అందరూ పారుడు గురించే మాట్లాడుతున్నారు, ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. రెండేళ్ళ కిందట కొన్న చూడి గొర్రె నాలుగో నెలలోనే పిల్లను వేసేసింది. దారిలో కుదుపులకి అయ్యుంటుందనుకున్నాం. మాయ పడకపోతే నేనే ఉత్త చేతుల్తో లాగాను, అప్పుడు నా వేలికి కొడవలి గాటు కూడా ఉంది. తర్వాత నెలన్నరకి జ్వరం. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, రాత్రుళ్ళు చెమటలు, నడుం పట్టేసి లేవలేకపోయేదాన్ని. మలేరియా అని ఒకచోట, టైఫాయిడ్ అని ఒకచోట మందులిచ్చారు. మూడు నెలలు తిరిగాక ఒక డాక్టరమ్మ గొర్రెలు పెంచుతావా అని అడిగి రక్తపరీక్ష చేయిస్తే బ్రూసెల్లోసిస్ అని తేలింది. ఆరు వారాలు మందులు మింగాను.

తెర్లాం తమ్ముడూ, ఆరింటికీ రక్తం తీయించి ఆ పరీక్ష చేయించు. ఏదైనా పిల్లను వేసేస్తే చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టకు, ప్లాస్టిక్ కవరైనా తొడుక్కో. పిల్లనీ మాయనీ లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చు, కుక్కలు పీక్కుపోతే ఊరంతా అంటుతుంది. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళుంటే ఈత సమయంలో ఆ దొడ్డి దగ్గరికి రానివ్వొద్దు. ఈ జబ్బు పది రోజులకో ముప్పై రోజులకో బయటికి కనపడేది కాదు, ఈనేదాకా తెలీదు. అందుకే నా మటుకు నేను, కొన్న చూడి గొర్రె వేరుగానే ఈనాలి అంటాను, నెలల లెక్కతో పని లేదు.

వంశధార కాపరి

అక్కా, నువ్వు రాసింది చదివి ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడా కోడలూ ఎన్నోసార్లు ఉత్త చేతుల్తోనే మాయ తీశారు. దీని మీద నాకు వాదన లేదు.

కానీ అన్నీ వేరుగానే ఈనాలి అంటే మాత్రం ఒప్పుకోను. ఈనిన తర్వాత చంటిపిల్లతో కొత్త మందలోకి వెళ్ళిన తల్లి పడే పాట్లు చూశారా? పాత గొర్రెలు తల్లిని కుమ్ముతాయి, అది బెదిరి పరిగెడితే పిల్ల వెనకపడిపోతుంది, పొట్టేలు కాళ్ళ కింద పడుతుంది. ఈతకి నెల ముందే మందలో కుదురుకున్న గొర్రె తన చోటు తాను చూసుకుని ఈనుతుంది. నేను పది అన్నది ఇరవైయొకటి చేస్తాను, సూదిమందు గారు చెప్పిన బొబ్బరోగం లెక్క సబబుగానే ఉంది. అంతకన్నా ఎక్కువ వద్దు.

సూదిమందు

నెల ముందు అన్నారు చూడండి, ఆ మాటకి ఇంకో బలమైన కారణం కూడా ఉంది. పిల్లకి మొదటి రోజున దొరికే రక్షణంతా జున్నుపాలలోదే. తల్లి ఏ చోట ఏ క్రిములతో మసిలిందో వాటికి విరుగుడే ఆ పాలలోకి దిగుతుంది. నిన్న వచ్చి రేపు ఈనిన గొర్రె పాలలో దాని పాత ఊరి క్రిములకి విరుగుడుంటుంది, తెర్లాం సాలలో ఉన్నవాటికి ఉండకపోవచ్చు. అందుకే పొదుగు దించిన రెండింటినీ, మిగతా నాలుగింటినీ ఒకే లెక్కలో పెట్టకూడదు.

ఆ రెండూ కల్లంలోనే ఈననీ, ఆ పిల్లల్ని పెద్ద సాలలోకి తొందరగా తేవద్దు. పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగేలా చూడు, బొడ్డుకి అయోడిన్ రాయి. నాలుగింటినీ పరీక్ష బాగుంటే మూడున్నర వారాలకి కలిపితే, ఈతకి ఇంకా నెల ఉంటుంది. చిటుకురోగం (గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోయే పేగుల జబ్బు) టీకా కూడా ఈతకి నాలుగు నుంచి ఆరు వారాల ముందే పడాలి, అప్పుడే పాల ద్వారా పిల్లకి అందుతుంది, కాబట్టి ఆ నాలుగింటికీ అది వేరు దొడ్డిలో ఉండగానే అయిపోవాలి. మునుపు వేశారో లేదో తెలియనివైతే రెండు వారాలకి రెండో డోసు. నట్టల మందు డాక్టర్ని అడిగి పొయ్యి. ఆల్బెండజోల్ చూడి కట్టిన మొదటి నెలన్నరలో పోస్తే పిల్ల అవకరంతో పుట్టే ప్రమాదముంది, అమ్మినాయన నెలల లెక్క రెండింటి విషయంలో ఎంత తప్పిందో చూశాం కదా.

ఇంకోటి. తుఫాను వానలకి నేల చిత్తడిగా ఉంటుంది, డెక్కల మధ్య చూసుకో. పుండుంటే మైలుతుత్తం నీళ్ళలో కాళ్ళు ముంచు, కానీ ఆ నీళ్ళు తాగనివ్వకు, మైలుతుత్తంలో ఉండే రాగి లోహం గొర్రెకు విషం.

రాజాం పక్కన

పరీక్ష ఫలితం రాకుండా కలపొద్దు. నా మాట అంతే. ఇరవైయొక్కటా ముప్పయ్యా అనేదాంట్లో మాత్రం కొంచెం మెత్తబడ్డాను.

తెర్లాం మెట్టరైతు

అందరికీ దండాలు. నేను రాసి పదకొండు రోజులైంది, అప్పటినుంచి ఏం చేశానో చెప్తాను.

తాళ్ళు విప్పేసి కల్లంలో తడకలు కట్టాను, పైన తాటికమ్మలు వేశాను. సాల అక్కణ్ణుంచి కనపడుతుంది, అడుగులు వేసి చూస్తే నలభై పైనే ఉంది. కుక్కల గురించి కాపరి బాబాయ్ చెప్పాక నేనూ నాన్నా వంతులవారీగా కల్లంలోనే పడుకుంటున్నాం. అమ్మినాయన ఫోన్లో వేరుశనగ కట్టె అలవాటని చెప్పాడు, అది పెట్టిన పూటే తినడం మొదలుపెట్టాయి. అరుపులు నాలుగో రాత్రికి తగ్గాయి. రక్తం తీశారు, ఫలితం ఇంకా రాలేదు. ఇంటి మందకి పారుడు టీకా వేసి రెండేళ్ళు కాలేదని పుస్తకంలో ఉంది, నాలుగు మాత్రం తర్వాత పుట్టినవి, వాటికి ఈ వారమే వేయించాను.

నిన్న తెల్లవారుజామున పొదుగు దించినవాటిలో ఒకటి ఈనింది, కవల పిల్లలు, రెండూ ఆడవే. ఒకటి చిన్నది, పాలు అందుకోలేకపోతే పిండి ఫీడింగ్ సీసాతో పట్టాను, మధ్యాహ్నానికి తనే తాగింది. మాయ దానంతట అదే పడింది, గ్లవ్స్ వేసుకునే తీసి పూడ్చాను. అమ్మ మొదట్లో ఇదంతా అతి అంది, అక్క రాసింది చదివాక ఇంకేం అనలేదు.

ఇప్పుడు నాకున్న సందేహం ఒకటే. పరీక్ష బాగుండి ఆ నాలుగింటినీ కలిపే రోజున పొట్టేలును ఎన్ని రోజులు వేరే కట్టాలి? నాన్న మూడు రోజులు చాలంటారు.

వంశధార కాపరి

మూడు చాలదు, వారం కట్టు. కలపడం సాలలో చెయ్యకు, పొద్దున్నే బయట మేతలో కలుపు, సాయంత్రం అన్నీ కలిసి అలసిపోయి లోపలికి వస్తాయి. దాణా ఒకే తొట్టిలో కాకుండా నాలుగు చోట్ల పెట్టు, ఒక్కోదానికి అడుగున్నర చోటు మిగలాలి. నాలుగింటినీ ఒకేసారి తోలు, ఒక్కొక్కటిగా వదిలితే మందంతా దాని మీద పడుతుంది. ఆ చిన్న పిల్ల ఎలా ఉందో రాయి.