పాత ఇంటికి కొత్త వైరింగ్: ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతోంది, తీసేయించవచ్చా?

ప్రశ్న (విశాఖపట్నం, మహారాణిపేట నుండి)

నమస్కారం. మహారాణిపేటలో మా తాతగారు 1968లో కట్టించిన ఇంటికి ఈ వేసవిలో వైరింగ్ మార్పిస్తున్నాము. గోడలు ఇటుకా సున్నంతో కట్టినవి, పైకప్పు టేకు దూలాల మీద వేసిన మద్రాసు టెర్రస్. పాత వైరింగ్ అంతా గోడకు కొట్టిన చెక్క రీపర్ల మీద క్లిప్పులతో బిగించినది. తీగ చాలాచోట్ల అల్యూమినియం, ఫ్యూజులు పింగాణీవి. సింహాచలం చందనోత్సవం అయిన మరుసటి వారం పని మొదలుపెట్టి, ఒక్కొక్క గదీ ఖాళీ చేసుకుంటూ, రాత్రిళ్లు అందరమూ డాబా మీదే పడుకుంటూ, ముందువైపు నాలుగు గదులు పూర్తి చేయించాము. లైట్లకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్లగ్గులకు 2.5, ఏసీలకు, గీజరుకు 4 వేశారు. వంటిల్లు, వెనుక వరండా మాత్రం ఇంకా పాత వైరింగ్ మీదే ఉన్నాయి. ఇల్లు నడవాలి కనుక వాటి ఫేజు తీగలను తాత్కాలికంగా కొత్త బోర్డుకు కలిపారు.

కొత్త బోర్డులో 40 ఆంపియర్ల వరకు మోసే, 30 మిల్లీఆంపియర్ల లీకుకే పడిపోయే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టించాను. వంటింటి ఫ్యాను వేసిన మరుక్షణం అది పడిపోతోంది. ఒక్కోసారి అర్ధరాత్రి, వరండా లైటు ఆర్పి ఉన్నా, ఏసీ నడుస్తుండగా కూడా పడిపోతోంది. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది నిలవదనీ, తీసేసి మామూలు ఐసొలేటర్ (చేత్తో మాత్రమే ఆపే మెయిన్ స్విచ్) పెట్టుకుంటే సరిపోతుందనీ, ఎలాగూ ఎంసీబీలు (లోడు ఎక్కువైతే ఆ లైనును ఆపేసే స్విచ్‌లు) ఉన్నాయనీ మా ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఆయన పనితనం మీద నాకు గౌరవం ఉంది, కానీ డెబ్భై దాటిన మా అమ్మగారు తడి చేతులతోనే మిక్సీ, గ్రైండర్ వేస్తారు. తీసేయించడానికి మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు. సున్నపు గోడలను పైపుల కోసం ఎంతవరకు కొట్టవచ్చో కూడా తెలియజేయండి.

సమాధానం 1 (గాజువాక, విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్)

దయచేసి తీయించవద్దు. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రావడం లేదని ఆ పరికరం మీకు చెబుతోంది. ఎక్కడికి పోతోందో వెతకాలి.

ఆర్‌సీసీబీ గుండా ఫేజులో వెళ్లినంత కరెంటూ న్యూట్రల్‌లో దాని గుండానే తిరిగి రావాలి. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే అది పడిపోవాలి. మీ వంటింటి ఫ్యాను 75 వాట్లదనుకుంటే 230 వోల్టుల మీద దాదాపు 330 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. దాని ఫేజు కొత్త బోర్డు నుండి వస్తూ, న్యూట్రల్ మాత్రం పాత రీపరు లైను వెంట పాత ఫ్యూజు బోర్డుకు పోతుంటే, ఆ 330 మొత్తమూ తేడాగానే కనిపిస్తుంది. స్విచ్ వేసిన క్షణంలోనే పడిపోతోందన్నారు కనుక నా అనుమానం దీని మీదే. పాత ఇళ్లలో దగ్గరలో దొరికిన న్యూట్రల్‌నే కలుపుకొని పోయేవారు. అప్పటి ఫ్యూజు బోర్డుతో దానివల్ల ఇబ్బంది తెలిసేది కాదు.

అర్ధరాత్రి పడిపోవడం వేరే సంగతి. ఎక్కడో న్యూట్రల్ తీగ తడి గోడకో ఎర్తు తీగకో తగులుతూ ఉండవచ్చు. అప్పుడు తిరిగి వచ్చే కరెంటులో కొంత భాగం నేలలోకి చీలిపోతుంది. ఏసీ వంటి పెద్ద లోడు నడిచినప్పుడు ఆ భాగం పెరిగి పరికరం పడిపోతుంది. లోపమున్న లైను ఎంసీబీని దించినా ఇది ఆగదు, ఎందుకంటే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే విడదీస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు ఇక్కడే విసిగి, పరికరమే చెడిపోయిందని నిర్ణయానికి వస్తారు.

మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకున్నాక, న్యూట్రల్ లింకు నుండి ఒక్కొక్క న్యూట్రల్‌నూ విప్పి, ఏది ఏ లైనుదో చీటీ కట్టించండి. బల్బులు, ప్లగ్గులకు పెట్టినవి, ఇన్వర్టరు అన్నీ తీసేశాక, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ప్రతి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొలవాలి. ఒక మెగోమ్‌కు (పది లక్షల ఓములు) తగ్గితే లోపం ఆ లైనులో ఉన్నట్టే. ఆ తరువాత మల్టీమీటరుతో రెండేసి న్యూట్రళ్ల మధ్య చూడండి. విప్పేసిన రెండు న్యూట్రళ్ల మధ్య మీటరు మోగితే అవి గోడలో ఎక్కడో కలిసి ఉన్నాయన్నమాట. ఇది సగం రోజు పని, కూలి ఇచ్చి చేయించుకోదగినది.

ఎంసీబీలు ఉన్నాయి కదా అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. మీ ఎర్తు గుంత నిరోధం 10 ఓములు ఉందనుకోండి. ఫేజు తీగ గ్రైండరు ఒంటికి తగిలితే పారే కరెంటు 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. 20 ఆంపియర్ల ఎంసీబీ ఆ 23కు గంట గడిచినా పడకపోవచ్చు, అంతసేపూ గ్రైండరు ఒంటిలో కరెంటు ఉంటుంది. ఆర్‌సీసీబీ అయితే కన్నుమూసి తెరిచేలోగా పడిపోతుంది. అయితే అది ఓవర్‌లోడును ఆపదు. కనుక రెండూ ఉండవలసిందే.

సమాధానం 2 (పెదవాల్తేరు నుండి)

పై పెద్దవారు చెప్పినదానికి సముద్రం సంగతి కలుపుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత మా ఇంటి వైరింగ్ అంతా మార్పించవలసి వచ్చింది. అప్పుడు ఎర్తు గుంత తవ్విస్తే, పైకి బాగానే కనబడుతున్న జీఐ (జింకు పూత ఇనుప) పట్టీ నేలకు కొద్ది అంగుళాల కింద తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఎన్నేళ్లుగా ఇంటికి ఎర్తు లేదో మాకు తెలియనే తెలియదు. మీరు కూడా పాత గుంతను నమ్మకుండా, రెండున్నర మీటర్లకు తగ్గని కొత్త పైపుతో, బొగ్గు, ఉప్పు వేయించి, కొత్త గుంత తీయించండి. బిగింపులు కంటికి కనబడేలా పైన మూత ఉన్న తొట్టి కట్టించండి. వరండాలో ఇనుప స్విచ్ బాక్సులు వద్దు, పీవీసీవి పెట్టించి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడించండి. పాత అల్యూమినియం తీగకు కొత్త రాగి తీగను మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే అది ముందు విప్పించండి. ఉప్పు గాలికి ఆ అతుకు త్వరగా తినేసి వేడెక్కుతుంది.

గోడల విషయంలో, నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. మేము అడ్డంగా అసలు కొట్టనివ్వలేదు. యంత్రం పెడితే సున్నం పెచ్చులుగా రాలుతుంది కనుక ఉలితో చేయించాము. టేకు దూలాలకు రంధ్రాలు వద్దు. పైపును దూలం పక్కనే నడిపించవచ్చు.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తరువాత

ఇద్దరికీ ధన్యవాదాలు. గాజువాక గారి సమాధానం ప్రింటు తీసి మా ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, మెగ్గర్ అద్దెకు తెచ్చి, తన కుర్రవాడితో ఉదయం నుండి మధ్యాహ్నం వరకు వెతికారు. వంటింటి న్యూట్రల్ నిజంగానే వరండా మీదుగా పాత ఫ్యూజు బోర్డుకు పోతోంది. వరండా బల్బు హోల్డరు లోపల ఆకుపచ్చగా చిలుము పట్టి, న్యూట్రల్ బిగింపు తడి గోడకు ఆనుకొని ఉంది. అక్కడ మెగ్గర్ 0.2 మెగోమ్‌లకు మించి చూపలేదు. హోల్డరు తీసి తీగను విడదీయగానే అది 20 దాటింది. వంటింటికి కొత్త బోర్డు నుండి ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ విడిగా లాగారు. మూడు రాత్రులుగా ఏసీ నడుస్తున్నా ఆర్‌సీసీబీ పడలేదు. ఎర్తు గుంత పని వచ్చే సోమవారం. ఇన్వర్టరును ఇంకా కలపలేదు. దానికి ప్రత్యేకంగా చూడవలసినది ఏమైనా ఉందా?

సమాధానం 1 (గాజువాక)

చాలా సంతోషం. ఇన్వర్టరు మీద నడిచే లైట్లకు, ఫ్యాన్లకు న్యూట్రల్‌ను విడిగానే తీసుకువెళ్లమనండి. దాన్ని మిగతా న్యూట్రళ్లతో కలిపితే మళ్లీ ఇదే తంటా మొదలవుతుంది. 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీకి ముందు 40కి మించని ఎంసీబీ ఉండాలి. రెండు ఒకటిన్నర టన్ను ఏసీలు, 2 కిలోవాట్ల గీజరు, ఒక హెచ్‌పీ మోటారు ఒకేసారి నడిస్తే 30 ఆంపియర్ల దాకా వస్తుంది కనుక, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు కూడా పెట్టండి. అన్నీ బిగించాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి, అది పడుతోందో లేదో మీరే స్వయంగా చూసుకొని, ఆ తరువాతే మేస్త్రీకి చివరి డబ్బు ఇవ్వండి.