పైడి జైరాజ్ పేరులో రెండు 'ఐ'లు

ప్రశ్న: మన కరీంనగర్‌లో పుట్టిన పాత హిందీ నటుడి పేరు కొన్నిచోట్ల 'పైడి జైరాజ్' అని, కొన్నిచోట్ల 'పైదీ జయరాజ్' అని కనిపిస్తున్నది. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

జవాబు (హన్మకొండ నుంచి): 'పైదీ' కేవలం లిప్యంతరీకరణ దోషం. ఇంగ్లీషు అక్షరాల్లో 'డ'కూ 'ద'కూ తేడా కనిపించదు కాబట్టి, తెలుగు తెలియని హిందీ వ్రాయసగాండ్లు ఆ పేరును చూసి తమకు తోచినట్టు పలికారు. దానినే మనవారు కొందరు తిరిగి తెలుగులోకి తెచ్చుకోవడం విచారకరం. 'పైడి' అంటే బంగారం. పసుపు, పచ్చ అనే మాటలకు మూలమైన ధాతువు నుంచే 'పసిండి' పుట్టింది. అది 'పసిఁడి' అయి, నడుమనున్న 'స'కారం జారిపోగా అకార ఇకారాలు కలిసి 'పైఁడి'గా నిలిచింది. తమిళంలోనూ 'పసు' అన్నది సమాసాల్లో 'పై' అవుతుంది. నేడు వాడుకలో బంగారమే మిగిలింది, పత్రికలవారు ధరలకూ పతకాలకూ 'పసిడి'ని వాడుకుంటున్నారు, 'పైడి' మాత్రం ఎక్కువగా పేర్లలోనే తలదాచుకున్నది.

ఇక 'జైరాజ్' సంగతి. ఇక్కడ కూడా 'ఐ' ఉన్నది గాని దాని పుట్టుక వేరు. సంస్కృత 'జయ' శబ్దం హిందీ ఉచ్చారణలో చివరి అకారాన్ని పోగొట్టుకొని 'జయ్'గా వినిపిస్తుంది. దానిని మనం 'జై' అని రాసుకుంటున్నాము. అంటే ఆ పేరులోని మొదటి 'ఐ' తెలుగు నేల మీద తయారైనది, రెండవది ఉత్తరాది నుంచి వచ్చినది. ఆయన జీవితం కూడా ఇంచుమించు అంతే. 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, బొంబాయి చేరి 1929లో మూకీ చిత్రాలతో నటన మొదలుపెట్టి, టాకీలు వచ్చిన తరువాత హిందీలో పృథ్వీరాజ్ చౌహాన్, అమర్‌సింగ్ రాథోడ్ వంటి రాజపుత్ర వీరుల పాత్రలకు పేరుపడ్డారు. 1951లో 'సాగర్' అనే చిత్రానికి దర్శకత్వం కూడా వహించారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. అక్కినేని నాగేశ్వరరావుకు అది దక్కినది 1990కి. అయినా మన ఇళ్ళలో జైరాజ్ పేరు ఎందరికి తెలుసునో ఎవరికి వారే చెప్పుకోవాలి.

మరొక సభ్యుడు: అయ్యా, వరంగల్ పక్కనున్న పైడిపల్లి కూడా ఈ మాట నుంచే వచ్చినదా?

జవాబు: తొందరపడకండి. ఊరి పేరులోని 'పైడి' బంగారమే కానవసరం లేదు, పైడయ్య అనే మనిషి పేరు మీదా ఊరు వెలసి ఉండవచ్చును; శాసనమో పాత దస్తావేజో చూడకుండా తేల్చలేము. నటుడి పేరుకు ఆ చిక్కు లేదు. రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌ను కూడా 'పైడి జైరాజ్' పేరుతోనే పిలుస్తున్నారు. 'జయరాజ్' అని రాస్తే తప్పు పట్టను, 'పైదీ' అని రాస్తే మాత్రం దిద్దుతాను.