బెండ విత్తనాల ప్యాకెట్ మీద రాసినవి ఏంటో కాస్త చెప్పండి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం, పోయినేడాది నుంచి మిద్దె మీద కూరగాయలు పెడుతున్నా. నిన్న బెండ ప్యాకెట్ తెచ్చా, వెనకాల అన్నీ సన్న అక్షరాలే, మొలక శాతం కనీసం 65, భౌతిక స్వచ్ఛత 99, లాట్ నంబరు, టెస్ట్ చేసిన తేదీ, కింద టీఎల్ అని, పైన ఎఫ్1 అని. 65 అంటే మిగతా 35 గింజలు దండగేనా? గింజలకి గులాబీ రంగు ఉంది, కొన్ని నానబెడితే నీళ్ళు కూడా ఎర్రగా అయ్యాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, భయంగా ఉంది. ఇంకోటి, పోయినసారి హైబ్రిడ్ టమాటా పండులోంచి గింజ తీసి వేస్తే ఒక్కో మొక్కకి ఒక్కో రకం కాయ కాసింది, ఎందుకలా?

జవాబు 1:
ముందు ఆ నీళ్ళు పిల్లలకి, కోళ్ళకి అందకుండా పారబోయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ రంగు మందుది, ఎక్కువగా తైరం లాంటి శిలీంధ్రనాశిని పట్టిస్తారు, ఏం మందో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది చూడండి. మందు పట్టించిన గింజని నానబెట్టకుండా నేరుగా పెట్టుకోండి, నానబెడితే మందంతా నీళ్ళలోకే పోతుంది.

జవాబు 2:
65 అంటే నూటికి కనీసం 65 మొలవాలి, బెండకి రూలు అంతే, టమాటాకి 70, మిరపకి 60. అందుకే గుంటకి రెండేసి గింజలు వేస్తాం. భౌతిక స్వచ్ఛత 99 అంటే బరువులో నూటికి 99 పాళ్ళు ఆ గింజే, మిగతాది చెత్తా చెదారం లాంటిది. లాట్ నంబరు అంటే ఏ విడత గింజో చెప్పే గుర్తు. నన్నడిగితే ముందు చూడాల్సింది టెస్ట్ తేదీ, మామూలుగా అక్కడ్నుంచి 9 నెలలే గడువు. ఎండ తగిలేచోట వేలాడదీసిన ప్యాకెట్ గడువులో ఉన్నా నేనైతే కొనను. ఎందుకైనా మంచిది, పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టి చూడండి.

జవాబు 3:
టీఎల్ అంటే ట్రూత్‌ఫుల్లీ లేబుల్డ్, అంటే నాణ్యతకి కంపెనీదే పూచీ, దానికి ఆకుపచ్చ చీటీ ఉంటుంది. నీలం చీటీ ఉంటే విత్తన ధ్రువీకరణ సంస్థ వాళ్ళు పొలం చూసి, గింజ టెస్ట్ చేసి ఇచ్చినట్టు. టీఎల్ అనగానే నాసిరకం అనుకోకండి, కూరగాయల ప్యాకెట్లు చాలావరకు అవే. ఎఫ్1 అంటే రెండు వేరే రకాల్ని సంకరం చేసిన మొదటి తరం, దాని కాయలోంచి గింజ తీసి వేస్తే ఆ రెండు రకాల గుణాలు ఒక్కో మొక్కకి ఒక్కోలా కలిసి వస్తాయి, మీ టమాటాకి జరిగింది అదే. ఏటా మీ గింజే మీరు దాచుకోవాలంటే మామూలు రకాలు తీసుకోండి, బెండలో అర్క అనామిక ఉంది, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళది, పేరు ముందు అర్క అని ఉంటే అక్కడిది, పూసా అని ఉంటే ఢిల్లీది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ అందరికీ. ప్యాకెట్ మళ్ళీ చూస్తే టెస్ట్ తేదీకి ఏడు నెలలు దాటిపోయాయి. పది గింజలు తడిగుడ్డలో కట్టి పెట్టా, ఇవాళ నాలుగో రోజు, ఏడు మొలిచాయి, తెల్లగా చిన్న తోకలొచ్చాయి. సాయంత్రం కుండీల్లో రెండేసి గింజలు పెడుతున్నా.