పదేళ్ళ జంప్ గుర్రానికి టెండన్ గాయం: మళ్ళీ పందేనికి సిద్ధం చేయడం సబబేనా?

యలహంక పాఠకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో శిక్షణ పొందుతున్న ఒక స్టీపుల్‌చేజ్ గుర్రంలో, సిండికేటు ద్వారా, నాకు అతి చిన్న వాటా ఒకటి ఉంది. ఇక్కడ బెంగళూరు టర్ఫ్ క్లబ్బులో గానీ, హైదరాబాదు మలక్‌పేటలో గానీ మనం చూసేవన్నీ ఫ్లాట్ పందేలే కాబట్టి, కంచెలు దాటే పందేల మీద మోజు పడ్డ నాలాంటివాడికి ఇంతకు మించిన దారి కనబడలేదు. గుర్రం గెల్డింగ్ (విత్తులు తీసిన మగ గుర్రం), వయసు పదేళ్ళు. జనవరిలో ఒక పందెం పరుగెత్తి వచ్చిన మరునాడు కుడి ముందుకాలు వాచింది. అల్ట్రాసౌండ్ తీస్తే, మోకాలి కింద వెనకవైపున ఉండే టెండన్ (కండరాన్ని ఎముకతో కలిపే నారల కట్ట) మధ్యలో నారలు తెగాయని, అడ్డుకోతలో చూస్తే దాదాపు నాలుగో వంతు దెబ్బతిన్నదని నివేదిక వచ్చింది.

ట్రెయినర్ మా ముందు రెండు దారులు పెట్టారు. ఇంతటితో విశ్రాంతి ఇచ్చి, తేలికపాటి స్వారీకి వాడుకునే మంచి ఇంటికి పంపడం ఒకటి. ఏడాదిపాటు చికిత్స, వ్యాయామం చేయించి వచ్చే చలికాలం చివర్లో మళ్ళీ పందెంలో దించడం రెండోది. వచ్చే జనవరి ఒకటో తేదీతో పందేల లెక్కప్రకారం దానికి పదకొండేళ్ళు వస్తాయి. వాటాదారుల అభిప్రాయం ఈ నెలాఖరులోగా చెప్పమన్నారు. సిండికేటు సభ్యుల్లో ఎక్కువమంది రెండోదారికే మొగ్గుతున్నారు. వాళ్ళ ఉత్తరాల నిండా, దెబ్బతిన్నాక కూడా తిరిగొచ్చి గెలిచిన రెడ్ రమ్, స్ప్రింటర్ సాక్ర్ అనే గుర్రాల పేర్లే. డబ్బు నాకు పెద్ద సమస్య కాదు, నా వాటా అంత చిన్నది. గుర్రానికి నిజంగా సరిపడే నిర్ణయం ఏదో, దానికి ముందు ట్రెయినర్‌ను ఏమేమి అడగాలో తెలిసినవాళ్ళు చెప్పగలరని ఆశ.

హెబ్బాళ పశువైద్యుడు:

మీరు చెప్పిన గాయం సూపర్‌ఫిషియల్ డిజిటల్ ఫ్లెక్సర్ టెండన్‌కు అయినది. పందెపు గుర్రాలకు, అందులోనూ జంప్ గుర్రాలకు, అత్యంత సాధారణంగా వచ్చే గాయాల్లో ఇదొకటి. ఇక్కడి ఫ్లాట్ గుర్రాల్లోనూ ఏటా చూస్తూనే ఉంటాము. ఒక విషయం ముందుగా చెప్పాలి: పందెం రోజున కాలు తప్పటడుగు పడి అయిన గాయంగా దీన్ని చూడకండి. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ఈ టెండన్ తెగిపోయే హద్దుకు చాలా దగ్గరగా సాగుతుంది. ఆ సాగుడుకు పుట్టే వేడివల్ల దాని మధ్యభాగం 45 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. రక్తప్రసరణ తక్కువగా ఉండే చోటు కావడంతో ఆ వేడి త్వరగా దిగదు, అరిగినది త్వరగా అతుక్కోదు. ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న చిన్న చిన్న దెబ్బలు ఒకరోజు బయటపడతాయి. కాబట్టి మీ మొదటి ప్రశ్న ఇది కావాలి: ఎడమకాలికి కూడా స్కాన్ తీశారా? వాపు ఒక కాలికే కనిపించినా, రెండో కాలిలోనూ మార్పులు ఉండే అవకాశం గట్టిగా ఉంటుంది. పదేళ్ళ గుర్రం విషయంలో ఆ స్కాన్ చూడకుండా నేనైతే ఏ దారీ చెప్పను.

రెండోది, మొదటి స్కాన్ ఎప్పుడు తీశారన్నది. గాయమైన తొలి రోజుల్లో తీసిన స్కాన్ తక్కువ చూపిస్తుంది, వారం పదిరోజుల్లో గాయం ఇంకా పెద్దదవుతుంది. నాలుగో వంతు అన్నది మొదటిరోజు అంకె అయితే, దాన్ని నమ్ముకుని ఓటు వేయవద్దు.

ఇక చికిత్స. అతుక్కునే టెండన్ మొదట నాసిరకం కొలాజెన్ (టెండన్ నారల్లో ఉండే ప్రొటీను)తో, నారలు అడ్డదిడ్డంగా ఉండే మచ్చలా అతుక్కుంటుంది. ఆ నారలు కాలి పొడవునా వరసగా సర్దుకోవాలంటే, వాటిమీద కొలిచినట్టుగా, నెమ్మదిగా పెరిగే బరువు పడాలి. అందుకే ఏడాది పొడవునా జరిగే అసలు వైద్యం నడక. మొదట లాయంలోనే ఉంచి చన్నీళ్ళు, కట్టు, వాపు తగ్గించే మందులు. తరవాత రోజుకు కొద్ది నిమిషాల నడక, కొద్దికొద్దిగా పెంపు. సుమారు మూడు నెలలు దాటాక ట్రాట్ (నెమ్మది పరుగు), ఆరు నెలల ప్రాంతంలో క్యాంటర్ (మధ్యరకం పరుగు), తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు గ్యాలప్ (పూర్తి వేగపు పరుగు). ఒక్కొక్క మెట్టు ఎక్కే ముందు మళ్ళీ స్కాన్ ఉండాలి. గుర్రం కుంటడం లేదు కదా అని మెట్టు దాటిస్తే పని చెడుతుంది, ఎందుకంటే నొప్పి కొన్ని వారాల్లోనే పోతుంది, టెండన్ మాత్రం నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఈతకొలను గురించి కూడా అడిగి తెలుసుకోండి. గుండెకు, ఊపిరితిత్తులకు ఈత మంచిదే గాని, నీళ్ళలో తేలే కాలిమీద బరువు పడదు కనుక నడక చేసే పని ఈత చేయదు.

మూలకణ చికిత్స ప్రస్తావన వస్తుందనుకుంటాను. 2012లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, రొమ్ము ఎముక మజ్జనుంచి తీసి పెంచిన కణాలను గాయంలోకి ఎక్కించిన 105 జంప్ గుర్రాల్లో, మళ్ళీ అదే గాయం తెచ్చుకున్నవి నాలుగో వంతుకు కాస్త పైన. మామూలు పద్ధతుల్లో బాగైన గుర్రాల్లో సగం పైగా తిరగబెడుతుందని అంతకుముందు ప్రచురితమైన లెక్కలు చెబుతున్నాయి. అయితే ఆ పోలిక పాత గుంపులతో చేసినది, ఒకే కాలంలో రెండు గుంపులను పక్కపక్కన పెట్టి చూసినది కాదు. ఇంకో మాట: మజ్జ తీసి కణాలు పెంచడానికి సుమారు మూడు వారాలు పడుతుంది, గాయంలో మచ్చ గట్టిపడక ముందే ఎక్కించాలి. కాబట్టి నెలాఖరు దాకా ఆగి ఓట్లు లెక్కపెట్టే వ్యవధి ఆ చికిత్సకు లేదు. మజ్జ సేకరణ అయినా ఈలోగా చేయించమని ట్రెయినర్‌కు రాయండి. కాల్చి వాతలు పెట్టే పాత పద్ధతి ఎవరైనా సూచిస్తే మాత్రం ఒప్పుకోవద్దు. దానివల్ల మేలు లేదని 1983లోనే బ్రిస్టల్ పరిశోధకులు తేల్చారు.

లాయం కబుర్లు:

డాక్టరుగారు చెప్పినదానితో పేచీ లేదు. మాది మూడు తరాలుగా గుర్రాల లాయాల్లో పనిచేసే కుటుంబం. తాతగారు మలక్‌పేటలో సాయిసు (గుర్రాలను చూసుకునే మనిషి), నేను ఇక్కడ బెంగళూరులో ఒక ట్రెయినర్ దగ్గర అసిస్టెంటుగా ఉంటున్నాను. నేను చెప్పదలచినది ఇంతే: స్కాన్ రెండు మూడు నెలలకొకసారి వస్తుంది, మధ్యలో ఆ కాలిని ప్రతిరోజూ చూసేది ఒక మనిషి చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో అడగండి.

పొద్దున గుర్రం బయటికి రాకముందే, కట్టు విప్పి కాసేపయ్యాక చూడాలి, ఎందుకంటే గట్టిగా కట్టిన కట్టు ఒత్తిడికి చిన్న వాపు అణిగిపోయి కనబడదు. గుర్రం పక్కన వంగి, డెక్క పైకెత్తి పట్టుకుంటే టెండన్ వదులవుతుంది. అప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని పట్టుకుని మోకాలి కిందనుంచి ఫెట్‌లాక్ (డెక్కకు పైన ఉండే కీలు) దాకా మెల్లగా దిగాలి. అంచులు కత్తిరించినట్టు తెలియాలి. ఎక్కడైనా మెత్తగా, ఉబ్బుగా అనిపించినా, వేలు నొక్కగానే గుర్రం కాలు లాక్కున్నా ఆ రోజు పని ఆగిపోవాలి. వెంటనే రెండో కాలునూ అదే విధంగా చూడాలి. ఒకే మనిషి రోజూ చూస్తేనే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా అంతుబడుతుంది. వారానికొక కుర్రాడు మారే లాయంలో ఇది జరగదు. పెద్ద లాయాల్లో పందేలకు వెళ్ళే గుర్రాల మీదే అందరి కళ్ళూ ఉంటాయి, పడుకున్న గుర్రం మూలకు పోతుంది. ఇంగ్లండులో గాయపడ్డ గుర్రాలను మాత్రమే చూసుకునే ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయని వింటుంటాము. మీ ట్రెయినర్ అలాంటి చోటికి పంపుతారా, తనవద్దే ఉంచుకుంటారా అన్నది చిన్న విషయం కాదు.

దాణా సంగతి కూడా. పందెపు దాణా తింటూ లాయంలో నిలబడ్డ గుర్రం ఒళ్ళు చేస్తుంది, పిచ్చెక్కినట్టు గంతులు వేస్తుంది. నెలన్నర కట్టేసిన గుర్రం మొదటిసారి నడకకు వచ్చినప్పుడు ఒక్క ఎగురు ఎగిరిందంటే అప్పటిదాకా అతుకుతున్నది మళ్ళీ తెగుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు గాని, ఇక్కడ తగ్గించి తీరాలి. గింజలు తీసేసి ఎండుగడ్డి పెంచాలి, అవసరమైతే మొదటి రోజుల్లో డాక్టరుచేత మత్తు కొంచెం ఇప్పించాలి. లాడాల విషయంలో, డెక్క ముందుభాగం పొడుగ్గా పెరిగి మడమ పల్లంగా ఉంటే కాలి వెనక లాగుడు పెరుగుతుందని మా లాయంలో అందరూ నమ్ముతారు.

నా మట్టుకు నేనైతే పదేళ్ళ గుర్రాన్ని మళ్ళీ దించను. ఇది నా అభిప్రాయం మాత్రమే, డాక్టరుగారు ఒప్పుకోకపోవచ్చు.

ఆరో ఫర్లాంగు (చెన్నై):

యలహంక పాఠకుడుగారూ, మీ సిండికేటువాళ్ళు చెప్పే పేర్లను కాస్త విడదీసి చూడాలి. స్ప్రింటర్ సాక్ర్‌కు 2013 డిసెంబరులో వచ్చినది గుండె లయ తప్పడం. 2016లో పదేళ్ళ వయసులో చెల్టెన్‌హామ్‌లో క్వీన్ మదర్ ఛాంపియన్ చేజ్ తిరిగి గెలిచిన తీరు అద్భుతమే, కాని టెండన్‌తో దానికి సంబంధం లేదు. ఆ ఏడాది నవంబరులో ఆ గుర్రాన్ని చివరికి విరమింపజేసినది కాలి టెండన్ గాయమే. రెడ్ రమ్‌ది డెక్కలోని ఎముక వాపు. సౌత్‌పోర్ట్ సముద్రపు ఇసుకలో తిప్పిన తరవాత 1973, 1974, 1977ల్లో గ్రాండ్ నేషనల్ అనే పేరున్న కంచెల పందెం గెలిచింది. అదీ వేరే కథే.

టెండన్‌కు దగ్గరి ఉదాహరణ కావాలంటే ఆల్డనైటీ అనే గుర్రం. 1979లో శాండౌన్‌లో కాలు దెబ్బతిని ఏడాదికి పైగా దూరమై, 1981 ఫిబ్రవరిలో ఆస్కాట్‌లో ఒకే ఒక్క పందెం పరుగెత్తి గెలిచి, ఆ ఏప్రిల్‌లో పదకొండేళ్ళ వయసులో గ్రాండ్ నేషనల్ గెలిచింది. మీ గుర్రానిదీ తిరిగొచ్చేనాటికి అదే వయసు కనుక ఈ కథను మీకు తప్పకుండా వినిపిస్తారు. దాని పక్కనే బిగ్ బక్స్ కథ కూడా పెట్టి చూడండి. వరసగా 18 పందేలు గెలిచిన ఆ హర్డిల్ (చిన్న కంచెల పందేల) గుర్రానికి 2012 చివర్లో టెండన్ గాయమైంది. ఏడాదికి పైగా విశ్రాంతి, మంచి ట్రెయినర్, లోపంలేని సంరక్షణ. 2014 జనవరిలో చెల్టెన్‌హామ్‌లో తిరిగి వచ్చి మూడో స్థానం, మార్చిలో వరల్డ్ హర్డిల్‌లో అయిదో స్థానం. ఆ పందెం అయిన వెంటనే విరమణ ప్రకటించారు. కాలు నిలిచింది, వేగం మాత్రం మునుపటిది తిరిగి రాలేదు. పదకొండేళ్ళ గుర్రానికి ఇదే జరిగే అవకాశం ఎక్కువని నా అంచనా, మీ వాళ్ళు వైద్యం గురించి మాట్లాడినంతగా దీని గురించి మాట్లాడటం లేదు.

అందుకే అడగవలసిన ప్రశ్న, ఏ పందెంలో దించుతారని. బ్రిటన్‌లో పదేళ్ళు, ఆపై వయసున్న గుర్రాలకే పరిమితమైన వెటరన్స్ చేజ్‌లు ఉన్నాయి. ఔత్సాహిక రైడర్లు నడిపే హంటర్ చేజ్‌లు, పాయింట్ టు పాయింట్‌లు ఉన్నాయి. ఆ మైదానంలో దించే ఉద్దేశం ఉంటే నేను రెండోదారిని కొట్టిపారేయను. పాత తరగతి హ్యాండిక్యాప్‌లలో (సత్తాను బట్టి గుర్రాలకు బరువులు కేటాయించే పందేల్లో) కుర్ర గుర్రాల వెంట తరమడమే ఉద్దేశమైతే విరమణే మేలు.

మన బెంగళూరు ముచ్చట ఒకటి చెప్పి ఆపుతాను. రౌతు ఫవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన గుర్రం సీన్యోర్ మెడికాట్ ఆ తరవాత గాయంతో చాలాకాలం పోటీలకు దూరమైంది, తిరిగొచ్చి 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పోటీపడింది. ఆయన 23వ స్థానంలో నిలిచారు. అది ఈవెంటింగ్ (గుర్రపుస్వారీలో మూడు రకాల పరీక్షలు కలిసిన పోటీ), అక్కడ క్రాస్‌కంట్రీ వేగం నిమిషానికి 570 మీటర్లు. స్టీపుల్‌చేజ్ గుర్రం అంతకంటే ఎంతో వేగంగా, గుంపు మధ్యలో, అలసిపోయిన కాళ్ళతో ఆఖరి కంచెమీదికి వస్తుంది. ఆ తేడావల్లే ఒకదాన్ని చూపించి ఇంకొకదానికి ధైర్యం చెప్పడం కుదరదు.

యలహంక పాఠకుడు:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఎడమకాలి స్కాన్ గురించి, తొలి స్కాన్ తేదీ గురించి ఇవాళే రాశాను. మజ్జ సేకరణ సంగతి కూడా. డాక్టరుగారూ, లాయం కబుర్లుగారు విరమణే మేలన్నారు, మీరు ఏ దారీ తేల్చలేదు. వెటరన్స్ పందేలకే పరిమితం చేస్తామని ట్రెయినర్ హామీ ఇస్తే మీ మాట ఏమిటి? నేల తడిగా ఉంటే టెండన్‌కు మంచిదని సిండికేటులో ఒకరు రాశారు, అది నిజమేనా?

హెబ్బాళ పశువైద్యుడు:

ఎడమకాలు శుభ్రంగా ఉండి, రెండో స్కాన్‌లోనూ గాయం మూడో వంతు దాటకపోతే, వెటరన్స్ పందేలకోసం ప్రయత్నించడం నాకు తప్పుగా తోచదు. ఎడమకాలిలోనూ మార్పులుంటే విరమణే. అయితే ఓటును ఇప్పుడే ఏడాది మొత్తానికీ వేయనక్కరలేదు. మూడో నెల స్కాన్, ఆరో నెల స్కాన్, గ్యాలప్‌కు ముందు స్కాన్: ఈ మూడింటిలో దేనిదగ్గరైనా నారలు వరసకు రాకపోతే అక్కడితో ఆపేస్తామని ముందుగానే కాగితంమీద రాయించుకోండి. పది నెలలు ఖర్చుపెట్టాక ఆపుదామని చెప్పే ధైర్యం సిండికేటులో ఎవరికీ మిగలదు.

నేల సంగతి సగమే నిజం. గట్టినేలమీద వేగం పెరిగి, దిగినప్పుడు అదురు ఎక్కువ కనుక అది చెడ్డదే. కాని కాలు దిగబడే బురదనేలలో గుర్రం త్వరగా అలసిపోతుంది; కండరం అలసిపోయాక ఫెట్‌లాక్ ఇంకా కిందికి కుంగి, మోయవలసిన బరువంతా ఈ టెండన్ మీదే పడుతుంది. కాలు కాస్త దిగి తేలికగా పైకి వచ్చే మెత్తటి నేల, మూడు మైళ్ళకు మించని దూరం అడగండి. పందెమైన మరునాడు, మళ్ళీ వారం తరవాత రెండు కాళ్ళనూ చూసి మీకు కబురు పంపమనండి.