పగడం మొదలు నుంచి తెల్లబడుతోంది: ముందు మందా, ముందు కొలతలా?

నక్కలగుట్ట ట్యాంకు:
మాది హనుమకొండ. సంపుతో (ట్యాంకుకు జోడించిన వడపోత తొట్టి) కలిపి 300 లీటర్ల ఉప్పునీటి పగడాల ట్యాంకు, రెండున్నరేళ్లుగా నడుస్తోంది. తొమ్మిది రోజుల క్రితం నా అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే రాతి పగడం) మొదలు దగ్గర వేలి గోరంత తెల్ల మచ్చ కనిపించింది. ఇప్పుడు నాలుగు సెంటీమీటర్లు పైకి పాకింది. పక్కనున్న వేరే రకం పగడాలు, మోంటిపోరా, జోయాంథస్, బాగానే ఉన్నాయి. కొలతలు: ఉష్ణోగ్రత 26, లవణీయత 35, కేహెచ్ (నీటి క్షారత) 8.5, కాల్షియం 420, నైట్రేట్ 5. వంక పెట్టడానికి ఏమీ కనిపించడం లేదు. ఒక మిత్రుడు ట్యాంకులో యాంటీబయాటిక్ వెయ్యమంటున్నాడు, మరొకరు అసలు ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

కాజీపేట అక్రోపోరా:
మందు వెయ్యి తమ్ముడూ, ఆలస్యం చెయ్యకు. రెండేళ్ల క్రితం నేను కొలతలు చూస్తూ కూర్చున్నాను. రాత్రి పడుకునేటప్పుడు ఒక కొమ్మ తెల్లగా ఉంది, తెల్లవారేసరికి ఆరు పగడాల చర్మం ఊడి నీళ్లలో తేలుతోంది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. ఫ్లోరిడాలో 2014 నుంచి రాతి పగడాలను తినేస్తున్న వ్యాధికి అక్కడివాళ్లు సముద్రంలోకి దిగి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ పూస్తున్నారు. అంత పెద్ద సముద్రంలోనే పనిచేసే మందు మన 300 లీటర్లలో పనిచెయ్యదా?

గట్టు మీది ఉప్పునీరు:
కాజీపేట అన్నకు జరిగిన నష్టం నాకు తెలుసు, ఆ బాధ నిజం. అయినా ఈ సలహాను నేను ఒప్పుకోను.

ఫ్లోరిడాలో ఆ మందును ముద్దలా కలిపి పుండు అంచున పూస్తారు, నీళ్లలో కలపరు. ట్యాంకులో కలిపితే రాళ్ల మీద అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకు కూడా ముప్పే. ఒక కొమ్మ కోసం ట్యాంకు మొత్తాన్ని పణంగా పెట్టినట్టవుతుంది. పైగా ఆ మందుతో పుండు ఆగుతున్నా, ఆ వ్యాధికి మూలమేమిటో ఇప్పటికీ తేలలేదు. మందు పనిచేసినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. చచ్చే కణజాలం మీద సిలియేట్లు (ఏకకణ జీవులు), బ్యాక్టీరియా ఎలాగూ మూగుతాయి. మైక్రోస్కోపులో అవి కనిపించగానే దొంగ దొరికాడనుకుంటాం. ఇల్లు కాలాక వచ్చినవాళ్లు కూడా అయ్యుండవచ్చు కదా.

తమ్ముడూ, ముందు ఆ తెలుపు ఏ తెలుపో చూడు. భూతద్దం పట్టుకుంటే పారదర్శకమైన చర్మం, దాని మీద పాలిప్‌లు (పగడపు చిన్న నోళ్లు) కనిపిస్తే అది వెలిసిపోవడం, అంటే లోపలి శైవలాలు వెళ్లిపోయాయి కానీ పగడం బతికే ఉంది. గరుకైన సున్నపు ఎముక మాత్రమే ఉంటే కణజాలం పోయినట్టు. నువ్వు చెప్పేది రెండోదేననిపిస్తోంది.

తర్వాత అది ఎలా పాకుతోందో చూడు. ఒక్క రాత్రిలో ఊడిపోతే కథ వేరు, అప్పుడు కాజీపేట అన్న తొందరలో అర్థముంది. మొదలు నుంచి రోజుకు కొన్ని మిల్లీమీటర్లు పైకి వస్తుంటే నేను మూడింటిని అనుమానిస్తాను: మొదలు దగ్గర వెలుతురూ నీటి కదలికా చాలకపోవడం, పురుగు, నీటి కొలతల్లో ఊగిసలాట. పురుగంటే అక్రోపోరాను తినే చదును పురుగు. పెద్ద సిరంజితో నీళ్లు గట్టిగా కొడితే ఊడి వస్తుంది. చర్మం మీద గుండ్రని పాలిపోయిన కాట్లు, తెల్లబడిన మొదట్లో గోధుమరంగు గుడ్ల గుంపులు ఉంటాయి. పగడాన్ని ముంచే మందులకు పురుగు చస్తుంది, గుడ్లు చావవు.

ఇక ఊగిసలాట. నీ కొలతలు ఏ రోజు, ఏ వేళ తీసినవి? ఫ్యాను పెట్టావా? ఆవిరైన నీటిని ఎప్పుడెప్పుడు నింపుతున్నావు? వీటికి జవాబివ్వకుండా మందు సీసా మూత తీయకు.

కరీంనగర్ పగడాలు:
ఒక్క మాట. మన దేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పత్రాలు సరిగా లేని ముక్కను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. పోయినదాని స్థానంలో ఇంకొకటి కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

నక్కలగుట్ట ట్యాంకు:
పురుగు లేదు, గుడ్లూ లేవు. భూతద్దంలో ఎముకే కనిపించింది.

గట్టు అన్నా, మీ ప్రశ్నలు చదివాక నాకు చెమట పట్టింది. కొలతలు ప్రతి ఆదివారం సాయంత్రం తీస్తాను. నీళ్లు నింపేదీ ఆదివారమే, పొద్దున. ఈ మే ఎండలకు రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతాయి. ఈసారి శనివారం రాత్రి కొలిచాను. లవణీయత 38, కేహెచ్ 9.2.

గట్టు మీది ఉప్పునీరు:
లెక్క సరిగ్గా సరిపోయింది. ఆరు రోజులకు 24 లీటర్లు పోతే 276 మిగులుతాయి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి 35 కాస్తా 38 అవుతుంది, కేహెచ్ కూడా దానితోపాటే ఎక్కుతుంది. ఆదివారం పొద్దున ఒక్కసారిగా 24 లీటర్ల మంచినీళ్లు పోస్తే మళ్లీ కిందికి పడుతుంది. సాయంత్రం కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి వారం వారం ఇదే జరిగి ఉంటుంది. మోంటిపోరా తట్టుకుంది, అక్రోపోరా తట్టుకోలేకపోయింది.

కాజీపేట అక్రోపోరా:
లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. నీళ్లలో యాంటీబయాటిక్ కలపమన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కారణం తెలిసినంత మాత్రాన పాకుతున్న పుండు ఆగదు. ఒకసారి మొదలయ్యాక నీరు బాగుపడినా అది తన దారిన పోవడం నేను కళ్లారా చూశాను. తెల్ల గీతకు కనీసం సెంటీమీటరు పైన, పచ్చి కణజాలంలోనే కోసి కొనలను కాపాడుకో. అయోడిన్ నీళ్లలో ముంచి, వేరే రాయి మీద సూపర్ గ్లూతో అంటించు. ఈ రాత్రే చెయ్యి.

గట్టు మీది ఉప్పునీరు:
కొయ్యడానికి నాకూ అభ్యంతరం లేదు. అన్నీ కొయ్యకు, సగం అలాగే ఉంచు. నీరు కుదుటపడ్డాక పుండు దానంతట అదే ఆగుతుందో లేదో తెలుస్తుంది. ఇప్పుడున్న 38ని ఒక్కసారిగా దించవద్దు, రెండు రోజులు పట్టనివ్వు.

కాజీపేట అక్రోపోరా:
సగం ఉంచడమంటే సగం పోగొట్టుకోవడమే. పరీక్ష కోసం ప్రాణాన్ని వదలలేను.

నక్కలగుట్ట ట్యాంకు:
పద్నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. అయిదు కొనలు కోశాను, మూడు కొమ్మలు తల్లి పగడం మీదే ఉంచాను. సంపుకు ఫ్లోట్ వాల్వు పెట్టాను, నీరు తగ్గగానే దానంతట అదే మంచినీళ్లు నింపుతుంది. ఇప్పుడు ఏ రోజు కొలిచినా 35 దాటడం లేదు. కోసిన అయిదింటిలో నాలుగు నిలబడ్డాయి, ఒకటి రెండో రోజే పోయింది. తల్లి మీద రెండు కొమ్మలు పూర్తిగా తెల్లబడ్డాయి. మూడోదానిపై గీత వారం రోజులుగా అక్కడే ఆగి ఉంది, అంచున కణజాలం మళ్లీ ఎముక మీదికి దిగుతున్నట్టుంది. రేపు పొద్దున వెలుతురులో ఫోటో పెడతాను, ఇద్దరూ చూడండి.