ఖాతాలో పైసలు పడితే పేద ఇల్లు నిలబడుతుందా? మీ ఊరి లెక్క చెప్పండి

శాయంపేట పత్తిచేను:
మొన్న చుట్టాల ఇంట్లో దావత్‌కు పోతే ఒక పెద్దమనిషి అన్నారు: "సర్కారు ఖాతాల్లో పైసలు వేసుడు మొదలైనంక ఊళ్లల్ల పని చేసేటోడు లేడు, పేదోళ్లు సోమరులైండ్రు." కూర్చున్నవాళ్లంతా తలూపారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ముందు మా ఇంటి లెక్క చెప్తాను. మాది రెండున్నర ఎకరాల పత్తి. 2018 మేలో హుజూరాబాద్ దగ్గర, పంట పెట్టుబడికి సర్కారు సాయమిచ్చే రైతుబంధు పథకం మొదలైంది. పంటకు ఎకరానికి 4 వేల చొప్పున నాన్న చేతికి 10 వేల చెక్కు వచ్చింది. అంతకుముందు ఏటా మృగశిర కార్తె రాగానే నాన్న సేటు దుకాణం ముందు నిలబడేవారు. విత్తనాలు, డీఏపీ, పురుగుమందు అన్నీ ఉద్దెరకే. ఉద్దెర బస్తాకు ఒక ధర, నగదు బస్తాకు ఇంకో ధర. దాని మీద నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. 10 వేలకు ఆరు నెలల మిత్తే 1800 అవుతుంది. అన్నిటికంటే పెద్ద బాధ ఏంటంటే, పత్తి ఏరగానే ఆ సేటుకే తూకం వేయాలి, ఆయన చెప్పిన ధరకే.

ఆ ఏడు విత్తనాలూ మొదటి దఫా ఎరువూ నగదు పెట్టి తెచ్చుకున్నాం. పత్తిని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుకుపోయాం. నాన్న నలుగురు అడ్తిదారుల దగ్గర తిరిగి ధర అడగడం నేను చూసింది అదే మొదటిసారి. దీన్ని సోమరితనం అంటే నేను ఒప్పుకోను.

హన్మకొండ మాస్టారు:
తమ్ముడూ, మీ నాన్నగారి మాట నిజమే. కానీ ఒక్క ఇంటిని చూసి పథకాన్ని తూచవద్దు. రైతుబంధుకు ఎకరాల పరిమితి పెట్టలేదు. తర్వాత ఏడాదికి ఎకరానికి 10 వేలు అయినప్పుడు, రెండెకరాల రైతుకు 20 వేలు వచ్చాయి. పట్నంలో ఉంటూ 30 ఎకరాల పట్టా ఉన్నాయనకు 3 లక్షలు వచ్చాయి. పేదలకు సాయం అని పేరు పెట్టి, ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లకు ఎక్కువ ఇవ్వడం ఏం న్యాయం?

ఇంకొకటి. నేను ముప్పై ఏళ్లు ఊరి బడుల్లో చెప్పాను. డెంగీ వస్తే నాలుగు రోజులకు ముప్పై వేల బిల్లు కట్టిన తల్లిదండ్రులను చూశాను. చేతిలో పది వేలు పెట్టి, దగ్గర్లో సరైన దవాఖానా లేకుండా చేస్తే ఆ పది వేలు ఎటు పోతాయి? బడి, దవాఖానా బాగుంటే ఆ డబ్బు అవసరమే తగ్గుతుంది. నా దృష్టిలో మొదటి ఖర్చు అక్కడ పెట్టాలి.

నర్సంపేట కౌలుదారు:
సార్ చెప్పిన మొదటి మాట నా కడుపులోని మాట. నాకు సొంత భూమి గుంట కూడా లేదు. నాలుగెకరాలు కౌలుకు చేస్తాను. చేను నాది కాదు, చేనులో ఉన్న అప్పు మాత్రం నాది.

రైతుబంధు వచ్చినప్పుడు నా కౌలు తగ్గుతుందని ఆశపడ్డాను. తగ్గలేదు సరికదా, రెండేళ్లకు ఎకరానికి 2 వేలు పెరిగింది. పట్టాదారును తప్పు పట్టను, భూమికి గిరాకీ ఉన్నప్పుడు ఎవరైనా అంతే అడుగుతారు. కాని పెట్టుబడి సాయం పెట్టుబడి పెట్టినవాడికి రాలేదు కదా. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది గుర్తుందా? ములుగు, భూపాలపల్లి, మానుకోట (మహబూబాబాద్), మన వరంగల్ అంతా పూత రాలి మాడిపోయింది. మందులు కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కాయి. ఆ ఏడు ఆ చేనుకు వచ్చిన సాయం పట్టాదారు ఖాతాలో పడింది. నాకు పడింది మందుల దుకాణం బాకీ.

రైతుబీమా కూడా అంతే. పట్టా ఉన్న రైతు పోతే ఇంటికి 5 లక్షలు. నేను పోతే నా భార్యాపిల్లలకు ఏమీ లేదు. ఈ మాట రాయడానికే చేయి వణుకుతుంది.

శాయంపేట పత్తిచేను:
అన్నా, మీ మాట చదివాక నేను మా నాన్నను అడిగాను. మేం కూడా మూడేళ్లు ఎకరంన్నర కౌలుకు ఇచ్చాం. ఆ ఎకరంన్నర పైసలు మేమే తీసుకున్నాం. కౌలు చేసినాయనకు ఇవ్వాలన్న ఆలోచన కూడా మా ఇంట్లో ఎవరికీ రాలేదు. తప్పే.

2011 చట్టం ప్రకారం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చే పద్ధతి ఉండేది కదా, మీకు వచ్చిందా?

నర్సంపేట కౌలుదారు:
ఒక్కసారి అడిగాను తమ్ముడూ. పేరు కాగితం మీదికి వస్తే భూమి పోతుందని పట్టాదారు భయపడ్డారు. కార్డు కోసం పట్టుబడితే కౌలే పోతుందని నేను భయపడ్డాను. ఇద్దరి భయం మధ్య ఆ కాగితం ఆగిపోయింది.

తొర్రూరు సంఘం అక్క:
ఇంతసేపూ భూమి గురించే మాట్లాడారు. భూమి లేని ఆడవాళ్ల సంగతి నేను చెప్తాను. పదకొండేళ్లుగా మహిళా సంఘం లెక్కలు రాస్తున్నాను, ఎవరింట్లో పైస ఎటు పోతుందో నాకు కొంత తెలుసు.

"కైకిలికి మనుషులు దొరకడం లేదు" అని ఆసాములు అంటారు. ఎందుకు దొరకడం లేదో వాళ్లు చెప్పరు. ఇంతకుముందు ఎండాకాలంలో పనులు లేనప్పుడు మా ఆడవాళ్లు ఆసామి దగ్గర వెయ్యో రెండు వేలో బదులు తెచ్చుకునేవాళ్లు. పత్తి ఏరే రోజులు రాగానే ఆ బాకీ కింద ఆయన చేనుకే పోవాలి. పక్క చేనులో కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తున్నా పోవడానికి లేదు. ఇప్పుడు ఇంట్లో ముసలమ్మకు 2016 రూపాయల పింఛను వస్తుంది. ఉపాధి హామీ పనికి పోతే రోజుకు 300 దాకా గిడుతుంది. బదులు తెచ్చుకోవాల్సిన పని తగ్గింది. ఎక్కువ కూలి ఇచ్చే చేనుకు పోతున్నారు. పని మానలేదు, అగ్గువకు చేయడం మానేశారు. ఆసామికి అది సోమరితనంలా కనిపిస్తుంది.

పింఛను ఇంకో పని చేసింది. మా వాడకట్టులో ఒక అవ్వ ఉంది. 2014లో ఆసరా పింఛను మొదలైనప్పుడు వెయ్యి వచ్చేది, 2019లో 2016 అయింది. ఆ రెండు వేలు వచ్చాక కోడలు ఆమెను "తిన్నావా" అని అడగడం మొదలుపెట్టింది. మనుషులు చెడ్డవాళ్లని కాదు. లేమిలో ముసలివాళ్లే మొదట భారమవుతారు. అవ్వ తన బీపీ గోలీలు తనే కొనుక్కుంటుంది, మనవడికి బిస్కెట్ పుడ కొనిస్తుంది.

తాగుడు సంగతి కూడా దాచను. మగవాళ్ల ఖాతాలో పడిన పైసలు బెల్టు షాపు దాకా పోయిన ఇళ్లు నాకు తెలుసు. ఆడపిల్ల పెళ్లికి ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు తల్లి పేరు మీద ఇస్తారు చూడండి, అది ఇల్లు దాటి పోవడం చాలా తక్కువ. ఎవరి పేరు మీద వేస్తారన్నదే సగం సంగతి.

కాకతీయ విద్యార్థి:
అక్క చెప్పిన దానికి తోడుగా ఒకటి. 2011లో మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర కొన్ని ఊళ్లలో 'సేవా' (SEWA) అనే శ్రామిక మహిళల సంఘం, యునిసెఫ్ కలిసి ఏడాదికి పైగా ప్రతి మనిషికీ నెలనెలా నగదు ఇచ్చి చూశాయి. మొదట పెద్దవాళ్లకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150. షరతులు లేవు. తాగుడు ఖర్చు పెరగలేదు. తిండి మెరుగుపడింది, చాలామంది కూలి తగ్గించుకుని సొంత చేను మీద, మేకల మీద ఎక్కువ పని చేశారు. కెన్యాలో ఒక సంస్థ నేరుగా పైసలిచ్చిన ఇళ్లను పరిశోధకులు పోల్చి చూస్తే అక్కడా తాగుడు పెరగలేదు. గడ్డి కప్పు తీసేసి రేకులు వేసుకున్నారు.

హన్మకొండ మాస్టారు:
బాబూ, మంచి మాట చెప్పావు. కానీ అక్కడ ఎకరాన్ని లెక్కించలేదు, మనిషిని లెక్కించారు. నెలనెలా ఇచ్చారు. మన దగ్గర భూమిలేని కూలీలకు ఏడాదికి 12 వేలు అని 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు. దానికి ముందు ఏడాది ఉపాధి హామీలో కనీసం 20 రోజులు చేసి ఉండాలన్నారు. జ్వరంతో పదిహేను రోజులకే ఆగిపోయిన మనిషి పేదవాడు కాకుండా పోతాడా?

తొర్రూరు సంఘం అక్క:
సార్, సరిగ్గా అదే మా దగ్గర జరిగింది. పురుడు పోసుకుని ఆ ఏడాది పనికి పోలేని ఇద్దరు ఆడపిల్లలకు జాబితాలో పేరు రాలేదు.

జగిత్యాల దుబాయి తమ్ముడు:
ఎంత ఇస్తారన్నదే కాదు, ఎప్పుడు ఇస్తారన్నదీ చూడాలి. నేను దుబాయి నుంచి ఇంటికి ప్రతి నెలా 5వ తేదీ లోపు 15 వేలు పంపుతాను. నాలుగేళ్లలో రెండుసార్లే ఆలస్యమైంది. ఆ రెండుసార్లూ అమ్మ పుస్తెలతాడు గిర్వి పెట్టింది. ఆలస్యమైంది పది రోజులే, అది విడిపించడానికి ఐదు నెలలు పట్టింది. టెన్షన్‌తో అక్కడ నాకు అన్నం సహించలేదు.

శాయంపేట పత్తిచేను:
తమ్ముడూ, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది నువ్వు చెప్పావు. మా ఇంట్లో 2018లో 10 వేలు చేసిన పని, తర్వాత కొన్నిసార్లు 12 వేలు 500 కూడా చేయలేదు. కారణం తేదీ. 2024 వానాకాలానికి పెట్టుబడి సాయం అసలు రాలేదు. వస్తుందేమోనని నాన్న జూన్ అంతా చూశారు, చివరికి జూలైలో మళ్లీ సేటు దగ్గరికే పోయారు. ఆ అదునులో పోతే మిత్తి గురించి నోరెత్తే వీలుంటుందా? పంట కూడా ఆయనకే పోయింది. మరుసటి ఏడు ఎకరానికి 6 వేల చొప్పున జూన్‌లోనే పడ్డాయి, ఆ దుకాణం మెట్లు ఎక్కలేదు. రైతుకు 6 వేలా 7500లా అని నాయకులు కొట్లాడుకుంటారు. 4 వేలే ఇవ్వండి, కానీ రోహిణి కార్తెలో ఇవ్వండి అని నేను అడుగుతాను. పింఛనుకు కూడా అంతే, అవ్వకు గోలీలు అయిపోయే రోజు ముందే తెలుసు.

హన్మకొండ మాస్టారు:
తేదీ సంగతి నేను ఇంత దూరం ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. జీతం ఒకటో తేదీన పడే మనిషిని, నాకు తట్టలేదు. కానీ ఎకరాల పరిమితి లేకపోవడం తప్పన్న మాట వదులుకోను. పదెకరాలు దాటినవాళ్లకు ఆపితే, ఆ పైసలతోనే కౌలుదారులకూ కూలీలకూ తేదీ తప్పకుండా ఇవ్వడం తేలికవుతుంది.

నర్సంపేట కౌలుదారు:
ఇక్కడ రాసిందంతా మా పట్టాదారు కొడుకుకు చదివి వినిపించాను. చదువుకున్న పిల్లవాడు. వాళ్ల నాయనతో మాట్లాడి, ఈ యాసంగి పైసలు పడితే సగం నా కౌలులో తగ్గించుకుంటామన్నాడు. కాగితం లేదు, నోటి మాటే. పైసలు పడ్డ రోజు ఇక్కడ రాస్తాను.